అమ్మవారి కళ్ళు, నా మోకాళ్ళు

ఆళ్లగడ్డలో రాయి చెక్కేవాళ్ళకు మోకాళ్ళ నొప్పులు రావడం వింతేమీ కాదు. రాయిని నేల మీద పడుకోబెట్టి, పక్కన గొంతుక్కూర్చుని, పొద్దుగూకేదాకా ఉలి మీద సుత్తి కొట్టే బతుకు మాది. నాకూ వచ్చాయి, కానీ రాకూడని సమయంలో వచ్చాయి. దొర్నిపాడు వాళ్ళకు అమ్మవారి విగ్రహం ఒప్పుకున్నాను. అంతా అయిపోయి కళ్ళు మిగిలాయి. మా ఇంట్లో విగ్రహం మొదలుపెట్టిన చెయ్యే కళ్ళు తెరవాలి, ఇంకొకరికి ఇవ్వం. నేనేమో కింద కూర్చుంటే లేవలేకపోతున్నాను.

నంద్యాలలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, కీళ్ళలో గుజ్జు అరిగింది, ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, ముందు ఫిజియోథెరపీ చేయించుకో అన్నాడు. అక్కడ అది చేయించే అమ్మాయిది నా మనవరాలి ఈడు. మోకాలికి వేడి కాపడం పెట్టింది, చుట్టూ కరెంటు పట్టీలు అతికించింది. చీమలు పాకినట్టు జివ్వుమంటుంటే హాయిగా కళ్ళు మూసుకున్నాను. వైద్యమంటే ఇంతేనా, భలే ఉందే అనుకున్నాను.

"నిద్రపోతాండావా పెద్దాయనా? అసలు పని ఇప్పుడుంది, లెయ్" అంది.

తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి గట్టిగా అదమమంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి కాసేపు ఆపమంది. తొడ కండ గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందట. కొన్నాళ్ళు పోయాక చీలమండకు కట్టుకోమని బుజ్జి ఇసుక సంచి ఒకటి ఇచ్చింది.

ఇసుక సంచి! రాళ్ళ మధ్య పుట్టి పెరిగినవాడికి అది నామోషీగా తోచింది. షెడ్డులో మూలన పడున్న నల్లరాయి ముక్కను గుడ్డలో చుట్టి కట్టుకున్నాను. తెల్లారేసరికి మోకాలు గుమ్మడికాయలా ఉబ్బింది.

"ఏందప్పా ఇది? నేను చెప్పిందేంది, నువ్వు చేసిందేంది?" అని ఆ అమ్మాయి పెట్టిన చీవాట్లకు పక్క మంచాల వాళ్ళంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అమ్మవారి సంగతి గుర్తొచ్చి భయం కూడా వేసింది. ఐసు పెట్టుకుని, వాపు తగ్గాక, బుద్ధిగా తువ్వాలు దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.

నొప్పి తగ్గింది. బస్సు మెట్లు ఆసరా లేకుండా ఎక్కుతున్నాను. "గొంతుక్కూచునేది మాత్రం మానెయ్యాల" అని ఆ అమ్మాయి కచ్చితంగా చెప్పేసింది. ఇంటికొచ్చి విగ్రహం ముందు దిగులుగా నిలబడ్డాను. కింద కూర్చోకుండా కళ్ళెట్లా తెరిచేది? మా నాయన అట్లాగే చేశాడు, వాళ్ళ నాయనా అట్లాగే చేశాడు.

మా ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "నువ్వు కిందికి పోయేదెందుకు? ఆయమ్మనే పైకెత్తుకో. ఆడ పుల్లీ ఉండేదెందుకు మరి?" అంది.

ఓరి నా బుర్ర! లారీలోకి ఎక్కించడానికి తప్ప ఆ పుల్లీ ఇంకెందుకూ పనికొస్తుందని మా వంశంలో ఒక్కడికీ తట్టలేదు.

మరునాడే అమ్మవారిని సిమెంటు దిమ్మె మీదికి ఎత్తించాను. ఎత్తు స్టూలు వేసుకుని, కాళ్ళు వేలాడేసి, తాపీగా చెక్కాను. ఇదివరకు కళ్ళు తెరవడం అయ్యాక, గొంతుక్కూర్చుని కాళ్ళు పట్టేసి ఉంటే, నా రెండు చేతులూ పట్టుకుని ఇద్దరు లేపేవాళ్ళు. అమ్మవారు మొదట చూసేది ఆ అవస్థనే. ఈసారి ఆమె కళ్ళు తెరిచేసరికి నా చేతులు ఖాళీగా ఉన్నాయి. లేచి నిలబడి దణ్ణం పెట్టుకున్నాను.