ఇంటికెళ్ళి ఏం చెబుతారు?

నా గుండెలో ఒక వాల్వు సరిగా మూసుకోదు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళజ్వరం వల్ల అలా అయిందన్నారు. ఆ చప్పుడు స్టెతస్కోపులో చాలా స్పష్టంగా వినిపిస్తుందట. అందుకని, డాక్టర్లకి చదువు చెప్పే రాజమండ్రి ఆసుపత్రి ఒకదానిలో పరీక్షల రోజుల్లో నన్ను పిలిపించి ‘కేసు’గా మంచం మీద పడుకోబెట్టేవారు. మండపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేదాన్ని. విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి విని, నా గురించి ఎగ్జామినరుకి ఇంగ్లీషులో చెప్పి వెళ్ళేవారు. నాకు కష్టంగా అనిపించేది కాదు. ఎలిమెంటరీ స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. నేర్చుకునేవాళ్ళకి ముందర ఏదో ఒకటి ఉండాలని తెలుసు.

నేను రిటైరైన ఏడాది ఆ ఆసుపత్రిలో పనిచేసే ప్రొఫెసరుగారు ఒకావిడ ఓపీ బయట నా పక్కన వచ్చి కూర్చున్నారు.

“టీచరుగారూ, పేషెంట్లని ఇంటికి పంపేటప్పుడు మా హౌస్ సర్జన్లు మందులూ జాగ్రత్తలూ ఎలా చెబుతున్నారో తెలుసుకోవాలని ఒక పరిశోధన మొదలుపెట్టామండి. మీరు అందులో ఉంటారా?”

“కాగితం నింపాలాండి?”

“కాదండి. నింపే కాగితం ఎలా ఉండాలో మీరు చెప్పాలి.”

సరే అన్నాను. ఇంట్లో ఖాళీగా ఉన్నాను, అంతకు మించి కారణం లేదు.

మొదటి మీటింగుకి నలుగురు డాక్టర్లు, పేషెంట్లం ఇద్దరం. రెండో ఆయన జంగారెడ్డిగూడెం వైపు పామాయిల్ తోటలో గెలలు కోసే పని చేస్తాడు. షుగరు వల్ల కాలి వేలు పుండు పడి మానడం లేదు. ఆ రోజు, తర్వాతి మీటింగు రోజు కూడా, ఏం అడిగినా “మీ ఇష్టమండి” అన్నాడు తప్ప ఇంకో మాట మాట్లాడలేదు.

వాళ్ళు తయారుచేసిన ప్రశ్నలు నా చేతికిచ్చారు. డాక్టరు మర్యాదగా మాట్లాడారా, మీకు అర్థమయ్యేలా చెప్పారా, మీకు తృప్తిగా ఉందా. ఒక్కోదానికీ అయిదుకి ఇన్ని అని మార్కులు వెయ్యాలి.

“వీటన్నిటికీ అయిదే పడుతుందండి,” అన్నాను.

“ఎందుకండి?” అన్నాడు వాళ్ళలో వయసులో చిన్న డాక్టరు.

“అర్థమైందా అని అడిగితే నా క్లాసులో అందరూ అయిందనే అనేవారు. బుర్రకి ఏమీ ఎక్కనివాళ్ళు ఇంకాస్త గట్టిగా అనేవారు. అందుకని నేను ఆ మాట అడగడం మానేశాను. ఇంటికెళ్ళి మీ అమ్మకి ఏం చెబుతావురా అని అడిగేదాన్ని. అప్పుడు తెలిసేది.”

ప్రొఫెసరుగారు ఆ ప్రశ్నని కాగితం పైన రాసుకున్నారు. మిగతావి చాలావరకు కొట్టేశారు.

మూడో మీటింగులో పామాయిల్ తోట ఆయన నోరు విప్పాడు. “ఏమనుకోకపోతే ఒకటడగనాండి?” అన్నాడు.

“అడగండి, దానికే కదా పిలిచింది,” అన్నారు ప్రొఫెసరుగారు.

“చెప్పుల్లేకుండా ఒక్క అడుగు కూడా వెయ్యొద్దని నాకు చెప్పారండి. మంచి మాటే. మరి వార్డు గుమ్మంలో చెప్పులు బయట విడవమని బోర్డుంది. ఈ గదికీ ఉంది. నేను విడిచే వచ్చానండి. మీరెవరూ విడవలేదు.”

అందరూ బల్ల కిందికి చూశారు. డాక్టర్ల కాళ్ళకి బూట్లున్నాయి. ఆయన పాదానికి కట్టు, కట్టు కింద గచ్చు. చిన్న డాక్టరు లేచి వెళ్ళి ఆయన చెప్పులు తనే తెచ్చి కుర్చీ దగ్గర పెట్టాడు. ఆయన ఇబ్బంది పడుతూ, “అయ్యో, మీరు తేవడమేంటండి,” అన్నాడు. మేం కూర్చునే గదికి ఉన్న బోర్డు వారంలో తీసేశారు. వార్డుది తియ్యడానికి ఎవరి సంతకమో కావాలన్నారు. నేను అక్కడికి వెళ్ళినన్నాళ్ళూ అది అలాగే ఉంది.

ఆ తర్వాత పేషెంట్లం మేమిద్దరం వార్డు పక్క గదిలో కూర్చుని, డిశ్చార్జి అయి వెళ్ళేవాళ్ళని మా ప్రశ్న అడగడం మొదలుపెట్టాం. ఒక హౌస్ సర్జన్ గురించి అందరూ మెచ్చుకునేవారు. మంచం పక్కన కూర్చునేవాడు, చెయ్యి పట్టుకునేవాడు, మామ్మగారూ, బాబాయిగారూ అని పిలిచేవాడు. పిఠాపురం నుంచి వచ్చిన ముసలావిడ ఒకామె “మా మనవడు కూడా అంత బాగా చూడడండి,” అంది.

“ఇంటికెళ్ళి మీ కోడలికి ఏం చెబుతారండి?” అని అడిగాను.

“బాగానే ఉన్నానని చెబుతానండి.”

“మాత్రలు?”

“ఈ తెల్లవాండి? తల నొప్పెడితే వేసుకోవాలి.”

అవి బీపీ మాత్రలు, రోజూ వేసుకోవలసినవి. ఆవిడని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి చెప్పించాం. అతను పంపినవాళ్ళలో ఇంకా కొందరు అలాగే చెప్పారు. అదే వార్డులో ఇంకో హౌస్ సర్జన్ అమ్మాయి ఉండేది. ఆ అమ్మాయి మొహంలో నవ్వుండదని పేషెంట్లు ఫిర్యాదు చేసేవారు, ఆ వెంటనే ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో పొల్లుపోకుండా ఒప్పజెప్పేవారు.

మేం రాసిన వాటిలో పేర్లు లేవు. అయినా హౌస్ సర్జన్లందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించినప్పుడు, అందరూ మెచ్చుకునే ఆ కుర్రాడు అది తన గురించేనని పోల్చుకున్నాడు. మీటింగు అయ్యాక నా దగ్గరికి వచ్చాడు.

“నేను హడావిడి పడలేదు కదండి. కూర్చునే మాట్లాడాను.”

“కూర్చున్నారు బాబూ. ఆవిడకి మీరు గుర్తున్నారు. మాత్ర గుర్తులేదు.”

అతని మొహం ఎర్రబడింది. ఇంకొంచెం మెల్లగా చెప్పి ఉండాల్సిందేమో అనిపించింది, కానీ చెప్పింది అబద్ధం కాదు. కొన్నాళ్ళకి అతనే, తను పేషెంటుతో మాట్లాడుతుంటే పక్కన కూర్చోమని నన్ను అడిగాడు. ఒక రైతుకి ఇన్సులిన్ గురించి చెప్పి, ఇంటికెళ్ళి ఏం చెబుతారండి అన్నాడు. రైతు తప్పు చెప్పాడు. ఇతను మళ్ళీ వివరించాడు, రైతు మళ్ళీ తప్పే చెప్పాడు. మూడోసారికి కుదిరింది. ఈలోగా బయట వరస పెరిగింది, నర్సు రెండుసార్లు తొంగిచూసి విసుక్కుంది. ఇలా చెబితే టైము ఎక్కువ పడుతుందనీ, ఆ టైము వాళ్ళకి ఎవరూ ఇవ్వడం లేదనీ కూడా మా కాగితాల్లో రాయించాను.

ఆ వర్షాకాలంలో పామాయిల్ తోట ఆయనకి వేలు తీసేశారు. రెండు మీటింగులకి రాలేదు. మూడోదానికి కర్ర పట్టుకుని వచ్చాడు. ఎలా ఉందండి అంటే, “నడుస్తున్నానండి,” అని కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

చివరికి పరిశోధన వ్యాసం తయారైంది. పంపేముందు ప్రొఫెసరుగారు మా ఇద్దరికీ దాన్ని ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ చదివారు. మొదటి పేజీ చివర, ఈ పనిలో ఇద్దరు రోగులు సహకరించారు అని ఉంది.

“ఆ మాట బాలేదండి,” అన్నాడు పామాయిల్ తోట ఆయన.

“ఏ మాటండి?”

“సహకరించడం. చెయ్యి చాపమంటే చాపడం, పడుకోమంటే పడుకోవడం, అది సహకరించడం కదండి. ఇది మనం కూర్చుని చేసిన పని.”

ప్రొఫెసరుగారు నా వైపు చూశారు. నేనూ అదే అన్నాను. ఆవిడ ఆ వాక్యం కొట్టేసి, ఇద్దరు రోగులు మాతో కలిసి ఈ పని చేశారు అని రాసి, రెండో పేజీకి తిప్పారు.