వెలగలేదని చెప్పిన బల్బు

మొన్న మధ్యాహ్నం ఏసీ ఆగిపోతే బాల్కనీ తలుపు తీశాను, గుప్పున కమురు వాసన. దుమ్మూ ప్లాస్టిక్కూ వేడెక్కిన రాగితీగా కలిసి కాలిన ఆ వాసనకు మా నాగారం అపార్ట్‌మెంటులో ఎవరైనా ముక్కు మూసుకుంటారు, నేను మాత్రం నిలబడి ఇంకో రెండుసార్లు పీల్చాను. నాకది మా ఊరు గౌడవెల్లిలో ఎండాకాలం సెలవుల వాసన, మా నాన్న, అంటే మా బాపు, నిద్ర లేచే వాసన.

మాది రెండు గదుల రేకుల ఇల్లు. బాపు మేడ్చల్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఎప్పుడూ రాత్రి షిఫ్టే చేసేవాడు. పొద్దున సైకిల్ మీద వచ్చి, స్నానం చేసి, జొన్న గట్కలో చల్ల పోసుకుని, మామిడికాయ తొక్కు నంజుకుంటూ తిని, కూలర్ ముందు చాప మీద ఒరిగాడంటే మళ్లీ సాయంత్రానికే లేవడం. అమ్మ ద్రాక్ష తోటలో కూలికి పోయేది. పోతూ పోతూ గడపలో నిలబడి రోజూ ఒకటే మాట, "సప్పుడు జేయకు బిడ్డా, బాపు పండుకుంటడు."

నాకు తోడబుట్టినవాళ్లు లేరు. చప్పుడు చేయకుండా ఆడే ఆటలు ఎన్నుంటాయి చెప్పండి. అచ్చనగాయలు గులకరాళ్లతో ఆడితే టకటకమంటాయని చింతగింజలతో, అవి కూడా గోనెసంచి పరుచుకుని ఆడేదాన్ని. తొక్కుడుబిళ్ల ఒక్కదాన్నే ఆడితే నన్ను ఓడించడానికైనా ఎవరూ ఉండరు. వడగాలికి ఊరంతా తలుపులు బిగించుకున్న మధ్యాహ్నాల్లో, తడిగడ్డి వాసన కొట్టే ఆ గదిలో, కూలర్ ఒక పక్క బాపు ఒక పక్క గుర్రుపెడుతుంటే, ముంజలు జుర్రుకోవడానికి కూడా భయపడుతూ మధ్యలో కూర్చునేదాన్ని. నాన్నను ఎదురుగా పెట్టుకుని నాన్న మీద బెంగపెట్టుకున్న పిల్లను నేనొక్కదాన్నేనేమో.

కూలర్ ఆగినప్పుడే బాపు నాకు దొరికేవాడు. కిటికీ బయట స్టాండు మీద ఉండే ఆకుపచ్చ ఇనుపడబ్బా అది. ఏటా ఉగాది నాడు బచ్చాలు తిన్నాక దాన్ని కడిగి కొత్త గడ్డి కట్టేవాడు, అయినా ఎండలు ముదిరేసరికి ఏదో ఒకటి కాలేది. ప్లగ్గా, స్విచ్చా, మోటారా అని ఒక్కోచోటా చూసుకుంటూ పోవడం ఆయన పద్ధతి. దానికో టెస్ట్ బల్బు ఉండేది, హోల్డర్‌లో మామూలు బల్బు, దానికి పొడవాటి రెండు వైర్లు, చివర క్లిప్పులు. ఎండలో బల్బు వెలిగిందో లేదో కంటికి ఆనదు కాబట్టి క్లిప్పులతో బాపు బయట స్టూలెక్కి, బల్బుతో నేను లోపల చీకటిగదిలో.

"ఎలిగిందా?"

"ఎలిగింది బాపు."

"ఇప్పుడు?"

"ఎలగలే."

మా ముచ్చటంతా ఇంతే. పని అయ్యాక నా తల మీద చెయ్యేసి, "నువ్వు లేకుంటే నాతోని కాకపోవు బిడ్డా," అనేవాడు. ఆ ఒక్క మాటతో వారం గడిపేదాన్ని.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నాలుగో తరగతి సెలవుల్లో ఆ మాట కోసమే నేను ఇంటిదొంగనయ్యాను. బాపు స్నానానికి పోగానే ప్లగ్గు పీకి, ఆయన టెస్టర్‌తోనే ఒక స్క్రూ వదులు చేసి పెట్టేదాన్ని. ఒకసారి ప్లగ్గులో, ఇంకోసారి స్విచ్చు దగ్గర. ఎర్రబడ్డ కళ్లతో వెతుక్కుంటూ, "దీనికేం పరేషానొచ్చింది," అని ఆయన గొణుక్కునేవాడు, నేను బల్బు పట్టుకుని లోలోపల పండగ చేసుకునేదాన్ని.

మూడోసారి మోటారుకు పోయే వైరు ఊడదీశాను. బాపు కనెక్టర్‌కు క్లిప్పులు పెట్టి, "ఎలిగిందా?" అన్నాడు. నా చేతిలో బల్బు భగ్గున వెలుగుతోంది. వెలిగిందంటే కరెంటు అక్కడిదాకా వస్తోందని అర్థం, మోటారు వైపు చూస్తాడు, నిమిషంలో దొరుకుతుంది, పోయి పడుకుంటాడు.

"ఎలగలే," అన్నాను.

"మంచిగ సూడు బిడ్డా."

"సూసిన బాపు. ఎలగలే."

కరెంటే లేదనుకుని చెయ్యి పెట్టాడు. తీగను ముందు చేతి వెనుకవైపుతో తాకించడం ఆయన పాత అలవాటు, దాని వల్లే బతికాడు, అరచెయ్యి అయితే తీగను పట్టేసుకునేదట. స్టూలు పడిన చప్పుడు విన్నాను. కాసేపటికి మోచేతి నుంచి రక్తం కారుతూ, పెదవులు తెల్లబడి, గోడ పట్టుకుంటూ లోపలికి వచ్చాడు. బయట క్లిప్పులు అలాగే ఉన్నాయి. బల్బు నా చేతిలో వెలుగుతూనే ఉంది.

దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఎలుగుతాంది గద బిడ్డా," అన్నాడు.

తిట్టలేదు. కొట్టినా బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత కూలర్ ఆగిన రోజున బాపు పాత కుండ ఒకటి తెచ్చి, స్టూలు పక్కన అడ్డంగా పడుకోబెట్టి, బల్బు అందులో పెట్టి, ఆ చీకట్లోకి తనే వంగి చూసుకున్నాడు. "నేను పట్టుకోనా బాపు?" అంటే, "ఒద్దు బిడ్డా, నువ్వు ఆడుకో పో," అన్నాడు, మెత్తగానే. పోయి చింతగింజల ముందు కూర్చున్నాను. నువ్వు నాతో మాట్లాడాలని అట్లా చేశానని చెప్పడానికి ఎన్నో ఎండాకాలాలు నోటిదాకా తెచ్చుకున్నాను. నేను చెప్పకముందే బాపు పోయాడు. ద్రాక్ష తోటలు ప్లాట్లయ్యాయి, కూలర్ పాతినుముకు పోయింది, రేకుల ఇల్లు కూడా లేదు.

మొన్న వచ్చిన మెకానిక్ చేతిలో కీచుమనే మీటరు ఉంది, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. బాల్కనీలో ఉబ్బిపోయిన కెపాసిటర్ తీసి కొత్తది బిగించి, అక్కడి నుంచే అడిగాడు.

"మేడం, లోపల సల్లగాలి ఒస్తాందా? జర సూసి చెప్పుండ్రి."

ఇంట్లో నేనొక్కదాన్నే. ఏసీ కింద చెయ్యి చాచాను. గాలి చల్లగా వస్తోంది. రావట్లేదంటే ఇంకో గంట ఉంటాడు, ఈ ఇంట్లో ఇంకో గంట మనిషి గొంతు వినపడుతుంది. ఈ వయసులోనూ నాకు ఆ ఆలోచన వచ్చింది.

"ఒస్తాంది," అన్నాను.

పది నిమిషాల్లో సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.