మైర్ గారి ఇనప పెనం

ఈ ప్రయాణం నాకోసం పెట్టుకున్నది కాదు. మా అత్తయ్య నారాయణమ్మ గారు మార్చిలో కడప జిల్లా నుంచి నాటింగ్‌హామ్‌లో మా ఇంటికి వచ్చారు. అప్పటికి మామయ్య పోయి రెండు నెలలు. మా ఆయన ఉద్యోగం స్టీవెనేజ్‌లో, వారంలో నాలుగు రోజులు అక్కడే ఉంటాడు. నేను ఇంటినుంచే పని చేస్తాను. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక గదిలో తలుపేసుకుని మీటింగుల్లో ఉంటాను. ఆవిడ ఇంకో గదిలో కిటికీ పక్కన కూర్చుని కింద కార్ పార్క్ వైపు చూస్తుంటారు. పెట్టింది తింటారు. వంటింట్లోకి మాత్రం రారు. ఊళ్ళో ఉన్నప్పుడు పొయ్యి దగ్గర ఇంకొకరిని నిలబడనిచ్చేవారు కాదని మా ఆయన అంటే నమ్మబుద్ధి కాలేదు.

జూన్‌లో ఒకరోజు, "నన్ను పంపించేయండి పాపా. ఈడ నాకేం పనుండాది?" అన్నారు. పశ్చిమ వేల్స్ కొండల్లో ఒక పెద్దావిడ తన ఇంట్లో గది అద్దెకిస్తుందని, మాంసం లేకుండా వండమన్నా వండి పెడుతుందని మా ఆఫీసులో ఒకమ్మాయి చెప్పింది. జులైలో వారం రోజులు సెలవు పెట్టి ఆ గది బుక్ చేశాను.

సోమవారం ఎనిమిది దాటాక నాటింగ్‌హామ్‌లో రైలెక్కాం. బర్మింగ్‌హామ్‌లో మారాలి. అక్కణ్ణుంచి మహన్‌లెత్ అనే చిన్న ఊరికి రెండు గంటల పైన పడుతుంది. రైల్లో టీ దొరుకుతుందో లేదో చెప్పలేం కాబట్టి పులిహోర, ఫ్లాస్కు మనమే పెట్టుకోవడం మంచిది. ష్రూస్‌బరీలో రైలు కాసేపు ఆగి, వచ్చిన వైపుకే బయలుదేరుతుంది. అత్తయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"మళ్ళా యెనక్కే పోతాండాదే!"

ఎదురు సీటులోని ముసలావిడకు మాట అర్థం కాకపోయినా కంగారు అర్థమైంది. "పర్వాలేదు, దిక్కు మార్చుకుంటుందంతే. మీ అమ్మగారా?" అని నన్నడిగింది.

"ఏమంటాంది?" అన్నారు అత్తయ్య. చెప్పాను.

"అత్తనని చెప్పు," అన్నారు.

చెప్పాను. ఆవిడ నవ్వి మాకు చెరో బిస్కెట్ ఇచ్చింది. అత్తయ్య దాన్ని రుమాలులో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

మహన్‌లెత్‌లో బస్సులు తక్కువ. ఒకటి తప్పితే రెండు గంటలు కూర్చోవాలి. మాకు వెంటనే దొరికింది. కోరిస్ అనే ఊరు దాటాక దిగేసరికి, రోడ్డు పక్కన పాత జీపుకి ఆనుకుని మాకు గది ఇచ్చిన మైర్ గారు నిలబడి ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, సన్నగా ఉన్నారు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. పేర్లు చెప్పుకున్నాక జీపెక్కించారు. రాళ్ళదారిలో పైకి తీసుకెళ్ళారు. నల్లని పలకరాతి ఇల్లు, వెనక కొండ, కొండంతా గొర్రెలు. భర్త గ్విలిమ్ పోయి మూడేళ్ళయిందని, ఈ వారంలో ఉన్ని కత్తిరింపు ఉంటుందని, శీతాకాలానికి ముందే మంద అమ్మేస్తున్నానని రాత్రి భోజనం దగ్గర చెప్పారు. "కాబట్టి ఇదే ఆఖరి కత్తిరింపు. చుట్టుపక్కలవాళ్ళు సాయానికి వస్తారు. వాళ్ళకి వండాలి. అంతే."

మర్నాడు వాన. తడిసిన ఉన్ని కత్తిరించకూడదట. నేను ఊరికే తిరిగొద్దామని కొండకింద వాగుదాకా వెళ్ళొచ్చాను. తిరిగి వచ్చేసరికి వంటింట్లో బల్ల మీద ఇనప సామాను పరిచి ఉంది. పిడి ఉన్న మూకుళ్ళు మూడు, లోతైన గిన్నె ఒకటి, గుండ్రటి బరువైన పెనం ఒకటి. ఆ పెనాన్ని వాళ్ళు గ్రాడెల్ అంటారు. మైర్ గారి అమ్మమ్మది. అంచున తుప్పు తగిలినచోట మైర్ గారు ఉప్పు చల్లి గుడ్డతో రుద్దుతున్నారు. ఎదురుగా కుర్చీలో, కొంగు నడుముకి చెక్కుకుని, మా అత్తయ్య ఒక మూకుడు ఒళ్ళో పెట్టుకుని అదే పని చేస్తున్నారు.

నన్ను చూసి, "సబ్బు ముట్టనీలే ఈయమ్మ. తెలిసిన మనిషే," అన్నారు.

రుద్దడం అయ్యాక పొయ్యి మీద ఆరబెట్టారు. కట్టెలతో మండే పెద్ద ఇనప పొయ్యి అది, ఎండాకాలంలోనూ వెలుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత నూనె పలచగా, ఉందా లేదా అన్నట్టు పూసి, ఓవెన్‌లో బోర్లించారు. అత్తయ్య ఉల్లిపాయ కావాలని చేత్తో చూపించారు. సగానికి కోసి, నూనెలో ముంచి, గ్రాడెల్ మీద గుండ్రంగా రుద్దారు. మైర్ గారు ఆ వాసన చూసి తలూపారు. మధ్యాహ్నం ఇద్దరికీ ఆ పనితోనే గడిచిపోయింది.

బుధవారం ఎండ కాసింది. తెల్లవారుతూనే కుక్కలు గొర్రెల్ని కొండ దింపాయి. పెరట్లో కత్తిరింపు మెషిన్ల మోత, తల్లుల కోసం గొర్రెపిల్లల అరుపులు. ఒంటిగంటకు పదిమందికి భోజనం. మైర్ గారు మజ్జిగతో పిండి కలిపి నానబెట్టారు. మన ఊతప్పంలా మందంగా వేసి, వెన్న రాసి, ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. రెండు వేసి అందరం రుచి చూశాక గ్రాడెల్ పొయ్యి మీదే ఉండగా, బయట గేటు దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళారు. నేను బల్ల మీద ప్లేట్లు సర్దుతున్నాను. గ్రాడెల్ కాలిపోయి పొగ లేచింది. మన ఇళ్ళల్లో దోసె పెనం కాలిపోతే ఏం చేస్తామో అత్తయ్య అదే చేశారు. చెంబెడు చన్నీళ్ళు తీసుకుని పోశారు.

టప్‌మని శబ్దం వచ్చింది. ఆవిరి తగ్గాక చూస్తే, అంచు నుంచి మధ్యదాకా గీత.

మైర్ గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"నేను పోసినా అని చెప్పు," అన్నారు అత్తయ్య. నేను చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టాను. "చెప్పు పాపా. నేనే పగలగొట్టినా అని చెప్పు."

చెప్పాను. మైర్ గారు గుడ్డతో పట్టుకుని గ్రాడెల్‌ని పక్కకి దించారు. ఆ గీత మీద వేలు పెట్టబోయి ఆగారు. తర్వాత వెనక కొట్టం వైపు వెళ్ళిపోయారు.

అత్తయ్య గోడకి ఆనుకున్నారు. "ఆ యమ్మకి ఎన్ని తరాల వస్తువో! నా చేతుల్లో ఏముండాదో, పట్టిందల్లా పోతాండాది." ఆవిడ మాట్లాడుతున్నది పెనం గురించి మాత్రమే కాదని అర్థమైంది. దగ్గరికి వెళ్ళి పట్టుకోబోయాను. ఆవిడ నన్ను సున్నితంగా తప్పించి, గడియారం చూశారు. బయట మెషిన్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి.

"వాళ్ళు ఆకలితో ఉంటారు," అన్నారు.

పెద్ద మూకుడు పొయ్యి మీద పెట్టారు. గరిటెతో పిండి తీసుకుని, చెయ్యి అడ్డం పెట్టి వేడి చూసి, వేశారు. మైర్ గారిలా మందంగా వెయ్యాలనే చూశారు కానీ చెయ్యి అలవాటు కొద్దీ తిప్పేసింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఏడుస్తూనే వేస్తున్నారు. కాసేపటికి మైర్ గారు వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెన్న గిన్నె దగ్గరికి లాక్కుని, దిగినవి దిగినట్టు రాయడం మొదలుపెట్టారు.

మగవాళ్ళు చేతులు కడుక్కుని బల్ల చుట్టూ కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన ఒకటి తుంచి, "ఈసారి పల్చగా వేశావు, మైర్," అన్నాడు.

"నేను కాదు, ఈవిడ," అన్నారు మైర్ గారు. ఆయన అత్తయ్య వైపు తిరిగి టోపీ తీసి, ఇంకో రెండు వేయించుకున్నాడు. భోజనాలయ్యాక ఆయనే గ్రాడెల్‌ని వెలుతుర్లో తిప్పి చూసి, దీన్ని అతికించినా నిలవదన్నాడు.

ఆ సాయంత్రం పెరట్లో బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ జులైలో తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది. కత్తిరించిన గొర్రెలు తెల్లగా, చిన్నగా కొండెక్కుతున్నాయి.

"ఖాళీ పెనం మంట మీద వదిలి వెళ్ళింది నేను. మా అమ్మమ్మ ఉంటే నన్నే తిట్టేది," అన్నారు మైర్ గారు. "కానీ బాధ లేదని అబద్ధం చెప్పను. మీ అత్తగారికి అలాగే చెప్పండి," అన్నారు.

అలాగే చెప్పాను. అత్తయ్య మైర్ గారి వైపు తిరిగారు.

"బాధ లేదంటే నేను నమ్మేదాన్ని గాదు. మా ఆయన పోయినాక పొయ్యి కాడ నిలబడింది ఈ పొద్దేనని చెప్పు."

మైర్ గారు విన్నారు. "ఆవిడ పేరు మళ్ళీ ఒకసారి చెప్పండి," అన్నారు. మూడోసారికి నారాయణమ్మ అని సరిగ్గా పలికారు.

మిగిలిన రెండు రోజులూ వంట ఇద్దరూ చేశారు. ఒకరోజు చారు, ఒకరోజు బంగాళాదుంపల పులుసు. శుక్రవారం సామాను మళ్ళీ నూనె పూసి ఓవెన్‌లో పెడుతుంటే, మైర్ గారు పగిలిన గ్రాడెల్‌ని కూడా తుడిచి, నూనె రాసి, మిగతావాటి పక్కనే బోర్లించారు. ఇక దేనికి అని నేను అడిగాను.

"తుప్పు పట్టనివ్వలేను కదా," అన్నారు.

శనివారం పొద్దున బస్ స్టాప్ దాకా దింపారు. అత్తయ్య రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. మైర్ గారు గట్టిగా కళ్ళు మూసుకుని తెరిచారు. పదకొండు తర్వాత రైలు కదిలింది. ఆదివారాలు అటు బస్సులు ఇంకా తక్కువ, అందుకే శనివారం బయలుదేరడం మంచిది. వెళ్ళాలనుకునేవాళ్ళు ఎండాకాలమైనా స్వెటర్ పెట్టుకోండి. చూడాల్సిన స్థలాల జాబితా ఇద్దామంటే నా దగ్గర లేదు. కాడైర్ ఇద్రిస్ శిఖరం దగ్గర్లోనే ఉందట, మేం ఎక్కలేదు. వారంలో ఎక్కువభాగం ఒక వంటింట్లో గడిపాం.

రైలు కొండల మధ్య కాస్త దూరం వెళ్ళాక అత్తయ్య హఠాత్తుగా, "మీ మామ కూచోని తినేటోడు గాదు," అన్నారు. "పెనుము పక్కనే నిలబడి, దోసె దించక ముందే చెయ్యి చాపేటోడు. చెయ్యి కాల్తాది లేబ్బా అంటే నవ్వేటోడు." ఆయన పోయాక, ఆయన బతికున్నప్పటి మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. పెళ్ళినాటి సంగతి, కరువు ఏడాది సంగతి, ఆసుపత్రిలో ఆఖరి రోజు సంగతి, ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉన్నాయి. బయట కొండలు అయిపోయి పొలాలు వచ్చే ఉంటాయి, నేను చూడలేదు. బర్మింగ్‌హామ్ వచ్చేదాకా ఆవిడ ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను.