తలుపు తెరిస్తే మా చేను... ఆఖరు లేని ఒక ఇంగ్లీషు సినిమా

మా చిన్నప్పుడు... మా ఊరు చిన్న మంగళారంలో మా ఇంటి ముందు గదిలో గోదావరి వైపు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ కిరాయికి ఉండేవారు. మొయినాబాద్ బడిలో ఇంగ్లీషు చెప్పేవారు. ఒకసారి దసరా సెలవులకు ఊరెళ్లి, వీసీఆర్‌తోపాటు తమ్ముడు రికార్డు చేసిచ్చిన ఒక సినిమా క్యాసెట్ పట్టుకొచ్చారు. ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటిల్లిపాదీ ఆమె గదిలోనే. గడప ముందు చెప్పుల కుప్ప చూసి, ఎవరికి పెళ్లిచూపులని పక్కింటివాళ్లు అడిగారు.

అది బ్రిటన్ సినిమా. ఎప్పటిదో పాతకాలపు కథ... గుర్రబ్బండ్లు, నేలను ఊడ్చే గౌన్లు, ఎటు చూసినా మంచు. మాకు ఇంగ్లీషు ముక్క రాదు. టీచరమ్మ పక్కన కూర్చుని ఒక్కో మాటా తెలుగులో చెప్పారు. కాసేపటికి ఆమే మానేశారు. ఎవరూ వినడం లేదు మరి... అందరి కళ్లూ తెర మీదే.

కథ చాలా చిన్నది. కాలువ పక్కన పిండిమర నడిపే ఒక ముసలాయన. ఆయనతో గొడవపడి పెద్ద మనవడు ఇల్లు విడిచి వెళ్లిపోతాడు. చిన్న మనవరాలు రోజూ భోజనం వేళకు అన్న కోసం బల్ల మీద ఒక కంచం పెడుతుంది. ముసలాయన ఆ కంచం తీసేస్తాడు. ఆ పిల్ల మర్నాడు మళ్లీ పెడుతుంది.

మా అవ్వయితే నేరుగా టీవీతోనే మాట్లాడేది. "కంచం తియ్యకు... పిల్లగాడు వస్తడు," అనేది. పక్కనున్న తాత వైపు చూసి, "ముసలోళ్లంతా ఒక్కతీరే ఉంటరు," అని గొణిగేది. తాత వినపడనట్టే కూర్చునేవాడు. మా తాత నవ్వడం మేమెవరం పెద్దగా చూడలేదు.

సినిమాలో చివరికి ఒక రోజు ముసలాయన కంచం తీయడు. దాని వైపు చాలాసేపు చూస్తాడు. కోటు వేసుకుని, లాంతరు పట్టుకుని, తలుపు దగ్గరికి నడుస్తాడు. గడియ మీద చెయ్యి వేస్తాడు...

కరెంటు పోయింది.

టీచరమ్మ కూడా అంతకుముందు ఆ సినిమా చూడలేదట. మిగతాది వచ్చే ఆదివారం చూద్దామన్నారు. ఆ వారమంతా మా ఇంట్లో ఒకటే చర్చ... మనవడు దొరుకుతాడా లేదా?

ఆ వారంలోనే మా చేనులో బోరు వేశారు. అంతకుముందు వేసిన రెండూ ఎండిపోయాయి. మూడోదానికి నీళ్లు పడ్డాయి. మా కాక, అంటే మా నాన్న తమ్ముడు, ఎవరి దగ్గరో వీడియో కెమెరా అడిగి తెచ్చి ఆ సంబరమంతా తీశాడు. అందులో పెట్టిన క్యాసెట్ ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

ఆదివారం వచ్చింది. అందరం మళ్లీ టీచరమ్మ గదిలో. ముసలాయన గడియ తీశాడు. తలుపు తెరుచుకుంది... తెర ఒక్కసారి గరగరమంది.

బయట మంచు లేదు. మా చేను ఉంది. బోరు లారీ ఉంది. పైకి ఎగజిమ్ముతున్న బురదనీళ్లు... వాటి కింద తలపాగా ఊడిపోయి, చేతులు చాచి, నోరంతా తెరిచి నవ్వుతున్న మా తాత.

అందరం కాక వైపు తిరిగాం.

"కరెంటు పోయిన కాడ ఆగి ఉన్నది గద టీచరమ్మ... అక్కడ్నుంచి అంతా ఖాళీ అనుకుని దాంట్లనే తీసిన. అడుగుదామంటే మీరు బడికి పోయిన్రు," అన్నాడు కాక తల వంచుకుని.

టీచరమ్మ నుదురు కొట్టుకుని నవ్వేశారు. "పోన్లెండి, నీళ్లు పడ్డాయి కదా... అదే పదివేలు," అన్నారు. ఆఖరు ఏమైందని తన తమ్ముడిని అడిగితే ఆయనకు గుర్తులేదట.

అయినా ఆ సినిమా ఎన్ని ఆదివారాలు చూశామో లెక్క లేదు. తలుపు తెరుచుకోగానే పిల్లలమంతా లేచి గంతులు వేసేవాళ్లం. బ్రిటన్‌లో తలుపు తీస్తే మా చేను కనిపిస్తుందని నేను చాలా రోజులు నిజంగానే నమ్మాను.

తర్వాత టీచరమ్మకు బదిలీ అయింది. క్యాసెట్ ఆమెతోనే వెళ్లిపోయింది. అప్పుడు తాత ఎదురుగానే మంచం మీద కూర్చుని ఉన్నాడు... క్యాసెట్ ఇచ్చి వెళ్లమని అడగాలని ఎవరికి తోస్తుంది? రెండేళ్లకు తాత పోయాడు. ఇప్పుడు మా దగ్గరున్నది పట్టాదారు పాసుపుస్తకంలో అతికించిన ఫొటో ఒక్కటే. అందులో ఎవరో తిట్టినట్టు ఉంటాడు.

పోయిన వారం... ఆ సినిమా దొరికింది. పేరు మర్చిపోయిన నాకు, మా అమ్మాయి కంచం, లాంతరు, పిండిమర అని ఫోన్‌లో కొట్టి ఐదు నిమిషాల్లో వెతికి పెట్టింది. నాకు కాళ్లు నేల మీద ఆగలేదు. ఆదివారం పొద్దున్నే అమ్మాయిని ఎక్కించుకుని, చేవెళ్ల నుంచి చిన్న మంగళారంలో ఉన్న అవ్వ దగ్గరికి బండి తీశాను. కాకకు ఫోన్ చేస్తే, "ఇన్నేండ్లకు నా తప్పు మాఫ్ అయితది," అంటూ మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు.

ఎంత బాగుందో... ఏమీ పాతబడలేదు. పది నిమిషాలు కూడా ఒక చోట కుదురుగా ఉండని మా అమ్మాయి ఫోన్ ముట్టుకోలేదు. పిల్ల కంచం పెట్టినప్పుడల్లా ముందుకు జరిగింది. అవ్వకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. ఆ సినిమాకు ఆమెకు అప్పుడూ చెవులతో పని పడలేదు.

ముసలాయన తలుపు తీశాడు. బయట మంచు. లాంతరు వెలుగులో నడిచి నడిచి, మనవణ్ణి వెతికి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. వాడు వచ్చి తన కంచం ముందు కూర్చున్నాడు. మా అమ్మాయి కళ్లు తుడుచుకుంది. కాక చప్పట్లు కొట్టాడు.

"వచ్చిండు... మంచిగైంది," అంది అవ్వ.

తెర మీద పేర్లు పడుతున్నాయి. ఆపేద్దామని నేను లేచాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండు బిడ్డా... ఇంకా అయిపోలే. మీ తాత రాలే గద."

కాక లేచి వాకిట్లోకి వెళ్లిపోయాడు. నేను సినిమా ఆపలేదు. చివరి పేరు వరకూ అవ్వ పక్కనే కూర్చున్నాను.

ఇప్పుడు ప్రతి సినిమాకూ ఆఖరు ఉంది, అడగ్గానే దొరుకుతుంది... మధ్యలో మనవాళ్లెవరూ అడ్డం రారు. మీ ఇంట్లో అటక మీద పాత క్యాసెట్లు ఉంటే పారేయకండి. చివరి వరకూ తిప్పి చూడండి. అందులో ఎవరు నవ్వుతూ కనిపించారో ఇక్కడ రాయండి... టీచరమ్మా, మీరు గానీ ఇది చదువుతుంటే, మా అవ్వ ఇంకా చూస్తూనే ఉంది.