క్వేకర్స్ హిల్ నుంచి ఫిన్లాండ్ గుమ్మం దాకా

ఒక దేశంలో వీసా మీద ఉంటూ ఇంకో దేశానికి వీసా అడగడమంటే, అద్దె ఇంటి వరండాలో నిలబడి ఎదురింటి వాళ్ళని గది ఖాళీగా ఉందా అని అడగడమే. సిడ్నీలో ఆర్కిటెక్చర్ చదువుతున్న నాకు ఒక సెమిస్టర్ ఫిన్లాండ్‌లో చెక్క కట్టడాల గురించి చదివే అవకాశం వచ్చింది. వేలిముద్రలకీ ఇంటర్వ్యూకీ కాన్‌బెర్రాలోని ఎంబసీకి స్వయంగా వెళ్ళాలి. నాకు ఒక శుక్రవారం దొరికింది, అది తప్పితే మళ్ళీ దొరికే అపాయింట్‌మెంట్ అక్కడ క్లాసులు మొదలయ్యాకే.

ఒక్కదాన్నే వెళ్దామనుకున్నాను. మా ఇంటి ఓనరు కరుణ ఆంటీ ఒప్పుకోలేదు. ఆవిడది భీమవరం. ఆస్పత్రిలో నర్సు. సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో తన గరాజ్‌ని గదిగా మార్చి నాకు అద్దెకిచ్చింది.

"మీకెందుకాంటీ పరేషాన్, నేనే పోయొస్తా" అన్నాను. నాది హన్మకొండ.

"వీసాకి నేను చెన్నై ఒక్కదాన్నే వెళ్ళానమ్మాయ్. ఏం అడిగారో చెప్పుకోడానికి మనిషి లేక ఆటో అతనికి చెప్పాను. అతనికి తెలుగు రాదు. లీవ్ అప్లై చేసేశా, నేనొస్తున్నా."

పొద్దున ఏడున్నర రైలెక్కాం. పారమట్టాలో ఆఫీసు జనం ఎక్కే వేళకి ఆంటీ సంచీ ఒక సీటు ఆక్రమించుకుని ఉంది. అందులో పులిహోర, ఉడికించిన గుడ్లు, రొయ్యల పచ్చడి. ఆ పచ్చడి మూత బస్సులో తీయనని ఒట్టు వేయమన్నాను. బైబిల్ మీద ఒట్టు పెట్టకూడదట, అందుకని నా మీద పెట్టింది.

సెంట్రల్ స్టేషన్ నుంచి తొమ్మిదింటికి కాన్‌బెర్రా బస్సు. వెళ్ళేవాళ్ళు స్వెట్టర్ చేతిలో ఉంచుకోండి, ఆ డ్రైవర్లకి ఏసీ అంటే భక్తి. ఊరు దాటాక గొర్రెలు, పచ్చిక, మళ్ళీ గొర్రెలు. నేను కాగితాల మీద రాసుకున్న జవాబులు బట్టీ పడుతుంటే, గౌల్‌బర్న్ ఊరు దాటాక ఇంజిన్ దగ్గి, మూలిగి, రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో ఆగిపోయింది.

"సారీ ఫోక్స్, వేరే బస్సు ఈ ఆర్వో వస్తుంది" అన్నాడు డ్రైవరు. ఆర్వో అంటే వీళ్ళ మాటల్లో మధ్యాహ్నం.

నా అపాయింట్‌మెంట్ ఒంటిగంటకి. గడ్డిలో కూర్చున్నాను. ఫిన్లాండ్ గౌల్‌బర్న్ దగ్గరే ముగిసిందనుకున్నాను. తలెత్తి చూసేసరికి, కారవాన్, అంటే చక్రాల మీద గది, కారుకి తగిలించుకుని అక్కడ ఆగిన ఒక ముసలి జంటతో ఆంటీ మాట్లాడుతోంది. చేతులు తిప్పుతూ నన్ను చూపిస్తోంది, మధ్యలో ఆకాశాన్ని కూడా చూపించింది. రెండు నిమిషాల్లో వాళ్ళ కారు వెనక తలుపు తెరుచుకుంది.

"హాప్ ఇన్, లవ్" అంది ఆ పెద్దావిడ.

వెనక సీటు వాళ్ళ కుక్కది. అది మర్యాదగా జరిగి, తర్వాత మనసు మార్చుకుని నా ఒళ్ళో పడుకుంది. ఇంటర్వ్యూ కోసం ఇస్త్రీ చేసిన నల్ల కోటు కాన్‌బెర్రా చేరేసరికి బూడిదరంగుకి తిరిగింది. ఆంటీ దారంతా వాళ్ళకి పులిహోర పెట్టింది. రొయ్యల పచ్చడి కూడా తెరిచింది. "ఇది బస్సు కాదుగా" అంది.

యారలమ్లా పేటలో ఎంబసీలన్నీ మంచి కాలనీలో ఇళ్ళలా ఉంటాయి. ఒంటిగంటకి కాస్త ముందు లోపలికెళ్ళాం. ఆంటీ వెనక కుర్చీలో కూర్చుంది. వేలిముద్రలయ్యాక, అద్దం వెనకున్న ఆఫీసరు ఫిన్లాండే ఎందుకని అడిగింది. నేను బట్టీ పట్టిందంతా ఆగకుండా అప్పగించాను.

"ఇది ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో నేనూ చదివాను. మీ కారణం చెప్పండి" అంది నెమ్మదిగా.

బుర్ర ఖాళీ. నోటికి నిజమే మిగిలింది. "సిడ్నీలో నేనుండే గది గరాజ్. చలికాలంలో ఫ్రిజ్‌లా ఉంటుంది. జాకెట్ వేసుకుని, రెండు దుప్పట్లు కప్పుకుని చదువుతాను. మీ దేశంలో మంచు మధ్య, చెక్క ఇంట్లో, జనం టీ షర్టుతో కూర్చుంటారు. గోడలో ఏం పెడతారో నాకు తెలుసుకోవాలనుంది."

ఆవిడ నవ్వి ఏదో టైప్ చేసింది. నా వెనక కుర్చీ కిర్రుమంది. గది ఓనరు అక్కడే ఉందన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

బయటికొచ్చాక ఆంటీ నోరు మెదపలేదు. సిటీకి బస్సెక్కాం, టీ తాగాం, నాలుగింటి సిడ్నీ బస్సులో కూర్చున్నాం. ఇంటర్వ్యూ కన్నా ఆవిడ మౌనమే నన్ను ఎక్కువ భయపెట్టింది. వీసా రాకపోతే ఉండాల్సింది ఆ గదిలోనే.

లేక్ జార్జ్ చెరువు పక్కనుంచి బస్సు పోతుండగా ఆంటీ అంది. "చలేస్తోందని నాకెప్పుడూ చెప్పలేదే?"

"అద్దె తక్కువ తీసుకుంటున్నరు గదాంటీ. అడగనీకి మొహమాటం."

"పరాయి గవర్నమెంటుకి చెప్పడానికి లేని మొహమాటం నా దగ్గరొచ్చిందా?"

ఏడాదిన్నరగా ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నాం. ఆంటీ సంచీలోంచి ఒక గుడ్డు తీసి, వలిచి నా చేతిలో పెట్టింది.

"ఇంతకీ గోడలో ఏం పెడతారు వాళ్ళు?"

తెలిసినంత చెప్పాను. చెక్క పొట్టు, గాలి చొరకుండా పొరలు, ఏ పొర ఎందుకు. ఈ దేశంలో ఎండ ఉత్తరం వైపునుంచి వస్తుంది కాబట్టి మన గరాజ్‌లో చలి దక్షిణపు గోడదేనని చెప్పాను. ఆంటీ నర్సు కదా, రోగి కథ విన్నట్టు మధ్యమధ్య ప్రశ్నలు వేస్తూ వింది. ఈ దేశం వచ్చాక నేను చదివేదేంటో అంత ఓపిగ్గా అడిగిన మనిషి ఇంకెవరూ లేరు.

వీసా కొన్ని వారాల తర్వాత వచ్చింది. వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేదొకటే. కాగితాలు ఎలాగూ పట్టుకెళ్తారు, అడిగి వినేందుకొక మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి. ఆ సాయంత్రం బస్సులోంచి సిడ్నీ శివారు క్యాంప్‌బెల్‌టౌన్ దీపాలు కనపడేసరికి ఆంటీ దక్షిణపు గోడ మొత్తం విప్పేసింది, మాటల్లోనే, తలుపు ఎటు పెట్టాలా అని నన్ను అడుగుతోంది.