బోర్డు మీద మా అమ్మ చేతులు

మా గుట్ట మీది గుహకు ఇప్పుడు కంచె ఉంది, ముందొక బోర్డు ఉంది. బోర్డు మీద రెండు చేతులు రాతి గుంటలో ఏదో నూరుతున్న ఫోటో. కింద ‘ఆదిమానవులు ఇలా నూరుకునేవారు’ అని కన్నడంలో, ఇంగ్లీషులో రాశారు. ఆ చేతులు మా అమ్మవి. ముఖం మాత్రం కత్తిరించేశారు.

రూపనగుడి దగ్గర మిరప చేలకు కూలికి పోయే ఆడవాళ్ళం మధ్యాహ్నం ఆ గుహలోనే రొట్టెల మూట విప్పేవాళ్ళం. నేల మీది గుంటలో అమ్మ చెనిక్కాయల కారం నూరేది. ఒకసారి బళ్ళారి నుంచి ఒక సారు వచ్చి, ఆ గుంటలు వేల ఏళ్ళ నాటివన్నాడు. ఎలా నూరుతారో చూపించమంటే అమ్మ పొంగిపోయి, పని మానుకుని కూర్చుని చూపించింది. సారు ఫోటోలు తీసుకున్నాడు. ఆయనకు రొట్టె కూడా పెట్టింది. కారం రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

మరుసటి సంవత్సరానికి కంచె పడింది. “ఒళగె బిడల్ల, హోగమ్మా,” అని మమ్మల్ని లోపలికి రానీయకుండా కావలివాడు కర్ర ఊపి తరిమాడు.

“ఆ బోర్డు మీద ఉండేది నా చేతులేనప్పా,” అంది అమ్మ.

వాడు నవ్వాడు. ఆ రోజు ఎండలో గట్టు మీద కూర్చుని అమ్మ రొట్టె ముట్టలేదు. ఆ సారు నాకు ఎప్పుడో ఒకప్పుడు చిక్కకపోతాడా అని పళ్ళు కొరుక్కున్నాను.

పోయిన వేసవిలో చిక్కాడు. నేరుగా మా ఇంటికే వచ్చాడు.

“పడమటి పక్క ఇంకో గుహ ఉందంట కదమ్మా, ఎద్దుల బొమ్మలతో. చూపిస్తావా?”

ఉంది. కంచె పడినప్పటి నుంచి మేం రొట్టె తినేది అందులోనే. చూపిస్తే అదీ పోతుంది. అమ్మ నోరు తెరిచేలోపే నేను లేచాను.

“పడమర కాదు సార్, తూర్పు పక్క ఉండాది. రాండి.”

మిట్టమధ్యాహ్నం కంపచెట్లలో, కాలే బండల మీద ఆయనను తిప్పాను. చొక్కా చినిగింది, బూటు అడుగు ఊడింది. “ఇంకొంచెం పైన సార్,” అన్న ప్రతిసారీ నాకు ఒళ్ళంతా హాయిగా ఉంది. పాపం అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు.

తిరిగొచ్చి మా గడప దగ్గర కూలబడ్డాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు దించి ఆమెనే అడిగాడు.

“నువ్వు చెప్పమ్మా. పడమటి పక్క మనుషులు ఉన్న గుర్తులేమీ లేవా?”

అమ్మకు అబద్ధం చేతకాదు.

“ఆ పక్క మనుషులు యాడుండారప్పా,” అంది అమ్మ నెమ్మదిగా. “మేమే పోతాంటాము, వస్తాంటాము.”

సారు పుస్తకం తీసి, ‘ఎవరూ లేరు’ అని రాసుకున్నాడు.