చంద్రు ఉడికించిన గొంగడి పోగులు

సూర్యాపేటలో మా కాలేజీ రసాయనశాలకు చంద్రు అటెండరు. ఉద్యోగంలో చేరినప్పుడు పాలకీడు దగ్గరి తండా నుంచి వచ్చాడు. అప్పటికే ముప్పై దాటిన మనిషి, చదివింది ఏడో తరగతి. కాగితం మీద అతని పని గాజు నాళికలు కడగడం, బల్లలు తుడవడం. నిజానికి ద్రావణాలు కలిపేదీ, ప్రాక్టికల్ ముందురోజు ప్రతి పరీక్షా ఒకసారి చేసి చూసేదీ అతనే. పిల్లలకు ఫలితం రాకపోతే నేను పుస్తకం తిరగేసేవాణ్ణి, చంద్రు సీసా వాసన చూసి "ఇది పాతదైంది సార్" అనేవాడు. నేను బి.ఎస్‌సి. డిగ్రీ ఉన్న డిమాన్‌స్ట్రేటర్‌ని. నా పేరు నరసింహారావు. ఇద్దరిలో ఎవరికి ఎంత తెలుసో ఆ గదిలో అందరికీ తెలుసు. ఆ మాట బయట అనడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

అరవై ఆరు నవంబరులో ఒక ఉదయం మునగాల నుంచి రాజమ్మ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, భుజం మీద మడత విప్పని కొత్త గొంగడి. ఆమె ఉన్ని వడుకుతుంది, భర్త నేస్తాడు. కోదాడ హాస్టల్ పిల్లల కోసం ఉన్ని నేతగాళ్ల సొసైటీ ద్వారా నలభై గొంగళ్లు నేసి ఇచ్చారు. తనిఖీ అధికారి ఒక గొంగడిని పరీక్షకు పంపితే, ఉన్నిలో పత్తి నూలు కలిసిందని రిపోర్టు వచ్చింది. గొంగళ్లన్నీ వాపసు చేస్తారట. ఆమె పేరు సొసైటీలోంచి కొట్టేసి, మోసగత్తె అని బోర్డు మీద రాసి పెడతారట. శనివారం వరకు గడువు.

"నా తాతల కాలం నుంచి ఇదే పని సారూ. నూలు కలిపినవని అంటున్రు. గొర్రె ఒంటి మీది బొచ్చు తప్ప ఇంకోటి ముట్టుకుంటే నా చేతులిరిగిపోనీ" అంది. గొంతులో ఏడుపు లేదు, మంట ఉంది.

నేనేం చేశాను? "ఇది కాలేజీ అమ్మా, ఆఫీసుకు పోయి అర్జీ పెట్టుకో" అన్నాను. ఇప్పటికీ నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది. ఆఫీసే ఆమెను దొంగ అంటుంటే ఆఫీసుకే పొమ్మన్నాను.

చంద్రు ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. రిపోర్టు నకలు నన్ను చదవమన్నాడు. అయోడిన్ చుక్క వేస్తే అంచులోని తెల్ల పోగులు నీలి రంగుకు తిరిగాయి, కనుక నూలు ఉన్నట్టే అని అందులో రాశారు. అది విని చంద్రు గొంగడిని చేత్తో తడిమాడు. అట్టలా గట్టిగా ఉంది.

"గంజి దేంది అవ్వా?"

"ఇంకేముంటది బిడ్డా, చింతగింజలది. అది పెట్టకుంటే పోగు నిలవదు గదా."

చంద్రు ముఖం ఎర్రబడింది. "సార్, గా గంజి కడగకుండనే అయోడిన్ పోసిన్రు. గింజల గంజికి రంగు రాకుంటె ఇంకేం వస్తది? గొర్రెల కాపరి పోరన్నడిగినా చెప్తుండె."

నిజమే. కొత్త గొంగడికి చింతగింజల గంజి ఉంటుందని ఈ జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. పరీక్ష చేసిన పెద్దమనిషి ఏనాడూ గొంగడి కప్పుకుని ఉండడు. అంత చిన్న విషయం అడిగి తెలుసుకోకుండా ఒక కుటుంబం పరువు తీయడానికి ఒక చుక్క చాలిందతనికి.

శుక్రవారం తనిఖీ అధికారి, సొసైటీ గుమస్తా మా రసాయనశాలకు వచ్చారు. వాళ్లను రప్పించడానికి చంద్రు ప్రిన్సిపాల్ గది ముందు రెండు పూటలు నిలబడ్డాడు. అధికారి కుర్చీలో కూర్చుని, "పరీక్ష చేసేది ఈ బంట్రోతా?" అని నన్నడిగాడు. చంద్రు విననట్టే స్టవ్వు వెలిగించాడు.

అధికారి తెచ్చిన గొంగళ్లలోంచి ఆయన్నే ఒకటి తీయమన్నాడు చంద్రు. దాని పోగుల్ని వేడి నీళ్లలో నానబెట్టి, గంజంతా వదిలేదాకా పిసికాడు. అప్పుడు అయోడిన్ వేస్తే నీలం రాలేదు. నల్ల పోగులు కొన్ని కాస్టిక్ సోడాలో ఉడికించాడు. కాసేపటికి పూర్తిగా కరిగిపోయాయి. పక్క నాళికలో తన తువ్వాలు అంచు నుంచి లాగిన నూలు పోగు వేసి అంతే సేపు ఉడికిస్తే, అది పోగులాగే మిగిలింది.

"ఇగ గంధకం సూద్దాం" అన్నాడు. ఉన్నిలోని మాంసకృత్తుల్లో గంధకం రెండేసి పరమాణువులు జతగా ముడిపడి ఉంటుంది. క్షారంలో ఉడికితే ఆ ముడి విడుతుంది. అప్పుడు లెడ్ అసిటేట్ వేస్తే గంధకం సీసంతో కలిసి నల్లబడుతుంది. నూలులో ఆ గంధకం ఉండదు. ఇదంతా నేను ఏటా పాఠం చెబుతాను. కానీ నల్ల ఉన్ని ఉడికించిన నీళ్లు ముందే నల్లగా ఉంటాయన్న సంగతి నాకు తట్టలేదు. చంద్రు గొంగడి అంచులోని తెల్ల చారల పోగులు తీసుకున్నాడు. "తెల్లదాంట్లనే నలుపు కనవడ్తది సార్" అన్నాడు.

రెండు చుక్కలు పడగానే తెల్ల ఉన్ని నాళిక మసిలా నల్లబడింది. నూలు నాళిక తెల్లగానే ఉంది. తలుపు దగ్గర నిలబడి చూస్తున్న రాజమ్మ ఒక్కసారి కొంగుతో ముఖం తుడుచుకుంది.

అధికారి లేచి రెండు నాళికలూ వెలుతురుకు పట్టి చూశాడు. తప్పు ఒప్పుకుంటాడనుకున్నాను. "సరే, రిపోర్టు రాసివ్వండి. బంట్రోతు పేరుంటే ఫైలు తిరిగి వస్తుంది, డిగ్రీ ఉన్నవాళ్ల పేరుండాలి" అన్నాడు. ఆమెను దొంగను చేసిన ఆ మొదటి రిపోర్టు కూడా ఎవరో డిగ్రీ ఉన్నవాడే రాశాడు.

నేను కలం పట్టుకుని ఆగితే చంద్రు, "పెట్టున్రి సార్. అవ్వ గొంగళ్లు హాస్టల్‌కు పోతే మంచిదాయె" అన్నాడు. పరీక్షించినవారు అన్న చోట నా పేరు రాసి సంతకం పెట్టాను. పరీక్ష చేసింది చంద్రు, నా ఎదుట, అని పక్కన ఒక్క వాక్యం రాస్తే ఫైలేమీ విరిగిపోయేది కాదు. నిజంగా వెనక్కి వస్తే మళ్లీ పంపేవాళ్లం. ఒక పూట ఆలస్యమయ్యేది, అంతే.

గొంగళ్లు కోదాడకు వెళ్లాయి. రాజమ్మ పేరు సొసైటీలో నిలిచింది. వారం తిరగకుండా ప్రిన్సిపాల్ నన్ను మెచ్చుకుంటూ ఉత్తరం ఇచ్చాడు. నేను దాన్ని ఇంట్లో అందరికీ చూపించాను. నాకు సిగ్గనేది ఎక్కడ పోయిందో.

డిసెంబరులో రాజమ్మ మళ్లీ వచ్చింది, చేతిలో తెల్ల అంచు గొంగడి. గుమస్తా రిపోర్టు చదివి వినిపించాడట. ఆమె నా వైపు రావడం చూసి నేను లేచి చేతులు చాచాను. ఆమె నన్ను దాటి వెళ్లి, నాళికలు కడుగుతున్న చంద్రు భుజాల మీద గొంగడి కప్పింది.

"వద్దవ్వా, సారుకియ్యి. కాయితం మీద పేరు సార్ది" అన్నాడు చంద్రు, తడి చేతులు వెనక్కి పెట్టుకుని.

"నాకు సదువు రాదు బిడ్డా, కండ్లయితే ఉన్నయి" అంది ఆమె. తర్వాత నా వైపు తిరిగింది. నెల కింద అధికారి మీద ఉన్న మంట ఇప్పుడు నా మీద ఉంది.

"సారూ, వాళ్లు నా గొంగడిని తెల్వక నూలన్నరు. మీరు గీడనే నిలవడి అంతా సూస్తిరి. తెలిసి మీరెందుకు అబద్ధం రాసిన్రు?"